పథ్యం పెట్టే చేతికి పథ్యం ఎవరు పెట్టాలి?

ఆయుర్వేదం చికిత్సకు నాలుగు పాదాలు చెప్పింది. అవి వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. వీటిలో ఏ ఒక్క పాదం కుంటుపడినా చికిత్స ముందుకు సాగదు. పరిచారకునికి ఉండవలసిన గుణాలను కూడా చరకసంహిత సూత్రస్థానంలో నాలుగుగా లెక్కించారు. ఉపచారం తెలిసి ఉండడం, పనిలో నేర్పు, తాను సేవించేవారి పట్ల అనురాగం, శుచిత్వం. గురుకులంలో ఈ అధ్యాయం చదువుకొనే రోజుల్లో మేము మందులు నూరడంతోపాటు రోగులకు గంజి కాచి పోయడం కూడా నేర్చుకున్నాం. గంజి గిన్నె చేతికి తీసుకొనే శిష్యుణ్ణి మా గురువుగారు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే. "నీవు తిన్నావా?" ఆకలితో ఉన్నవాని చేయి వణుకుతుంది, మాట కరకుదేరుతుంది, లెక్క తప్పుతుంది అని వారి అభిప్రాయం.

నేటి ఆస్పత్రులలో ఆ పరిచారక స్థానం నర్సులది. వారిని ఆ ప్రశ్న అడిగేవారు మాత్రం అరుదు.

ఉప్పల్, నాచారం, మల్లాపూర్, మల్కాజిగిరి ప్రాంతాలలో ఆస్పత్రులకు కొదవ లేదు. నాచారంలో పారిశ్రామిక కార్మికులకు వైద్యం చేసే ఇ.ఎస్.ఐ. ఆస్పత్రి ఉంది. ప్రధాన రహదారుల వెంబడి ప్రైవేటు ఆస్పత్రులు, వీధుల్లో చిన్న నర్సింగ్ హోములు లెక్కకు మించి వెలిశాయి. కనుక ఈ ప్రాంతంలో నర్సు ఉద్యోగం చేసే కూతురో, కోడలో ఉన్న ఇళ్ళు చాలా ఉన్నాయి. నా వద్దకు మందు కోసం వచ్చే స్త్రీలలో వీరి సంఖ్య తక్కువేమీ కాదు. వీరు చెప్పే బాధలు ఇంచుమించు ఒకటే. గుండెల్లో మంట, కడుపుబ్బరం, మలబద్ధకం, తలనొప్పి, మూత్రంలో మంట, నెలసరి క్రమం తప్పడం, తిన్నది తక్కువే అయినా బరువు పెరగడం.

ఆరోగ్యకరమైన ఆహారం ఏదో తెలియక వీరికి ఈ బాధలు వచ్చాయనుకుంటే పొరపాటు. మధుమేహ రోగికి ఏమి పెట్టాలో, రక్తహీనత ఉన్న బాలింతకు ఏమి పెట్టాలో వారికి కంఠతా వచ్చు. వారికి కొరవడినవి వేళ, చోటు, తోడు. ఈ మూడింటినీ సమకూర్చడంలో ఇంటివారికి, ఆస్పత్రి యాజమాన్యానికి, రోగి బంధువులకు కూడా భాగం ఉంది. అందువల్లనే ఈ వ్యాసాన్ని నర్సు సోదరీమణులతోపాటు గృహస్థులందరికీ రాస్తున్నాను.

మొదటి ఆటంకం: ఆపుకొన్న ఆకలి

చరకసంహితలో బలవంతంగా ఆపకూడని వేగాలు పదమూడు చెప్పారు. మలమూత్రాలు, తుమ్ము, ఆవులింత మొదలైన వాటితోపాటు ఆకలి, దప్పిక, నిద్ర కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఆకలిని ఆపుకొంటే శరీరం కృశించడం, బలం తగ్గడం, ఒళ్ళు నొప్పులు, అరుచి, తల తిరగడం కలుగుతాయని, దప్పికను ఆపుకొంటే నోరు, గొంతు ఎండి బడలిక వస్తుందని వివరించారు.

వార్డులో పనిచేసే నర్సు ఒకే డ్యూటీలో ఆకలి, దప్పిక, మూత్రం, నిద్ర నాలుగింటినీ ఆపుకొంటుంది. మూత్రానికి వెళ్ళే తీరిక ఉండదని నీళ్ళు తాగడమే మానుకొనేవారు ఎందరో ఉన్నారు. 2020లో కోవిడ్ వార్డులలో రక్షణ దుస్తులు తొడుక్కొని గంటల తరబడి నీటి చుక్క లేకుండా గడిపిన వారి కష్టం మనమంతా విన్నాం. ఆ దుస్తులు పోయాయి గాని, నీళ్ళు తాగకుండా డ్యూటీ ముగించే అలవాటు చాలామందిలో అలాగే మిగిలింది. మూత్రంలో మంటకు, మలబద్ధకానికి, తలనొప్పికి ఈ అలవాటు ప్రధాన కారణమని నా అనుభవం.

ఇక్కడ ఒక పోలిక గమనించండి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం అయిదు గంటల పని తరువాత కార్మికునికి కనీసం అరగంట విరామం ఇవ్వాలని, 250 మందికి మించి పనిచేసే చోట క్యాంటీన్ ఉండాలని నిర్దేశించింది. నాచారం పారిశ్రామికవాడలో భోజన విరామానికి గంట కొట్టడం ఇక్కడివారికి పరిచితమే. ఆస్పత్రి వార్డులో మోగే గంట ఒక్కటే, అది రోగి పిలిచే గంట. డబ్బా మూత తీసిన క్షణాననే అది మోగుతుంది. సెలైను అయిపోయిందని ఒకరు, మంచం తడిసిందని మరొకరు, బిల్లు గురించి ఇంకొకరు పిలుస్తారు. మూత తిరిగి పడుతుంది. మళ్ళీ తీసేసరికి అన్నం చల్లారుతుంది, ఆకలి చచ్చిపోతుంది.

వైద్యకళాశాల ఆస్పత్రులలో ముగ్గురు రోగులకు, ఇతర ఆస్పత్రులలో అయిదుగురికి ఒక నర్సు ఉండాలన్నది భారతీయ నర్సింగ్ మండలి ప్రమాణం. రాత్రివేళ తమ వార్డులో ఆ లెక్క నిలవదని నా వద్దకు వచ్చేవారు చెబుతారు. తాను లేచి వెళితే చూసే మనిషి లేనప్పుడు, మనస్సాక్షి ఉన్న నర్సు ఎలా భోజనం చేయగలదు?

రెండవ ఆటంకం: రాత్రి మెలకువ

చాలా ఆస్పత్రులలో ఉదయం డ్యూటీ ఎనిమిది నుంచి రెండు వరకు, మధ్యాహ్నం డ్యూటీ రెండు నుంచి ఎనిమిది వరకు, రాత్రి డ్యూటీ ఎనిమిది నుంచి మరునాడు ఎనిమిది వరకు ఉంటుంది. అంటే రాత్రి డ్యూటీ పన్నెండు గంటలు. పైగా వారం వారం డ్యూటీలు మారుతుంటాయి. ఒక వేళకు అలవాటు పడేలోగా మరో వేళ వచ్చిపడుతుంది.

రాత్రి జాగరణ రూక్షగుణం కలది. అది వాతాన్ని పెంచుతుంది. జఠరాగ్ని పగటివేళ ఉన్నంత చురుకుగా రాత్రి ఉండదు. అటువంటి సమయంలో పూరీలు, బిర్యానీ, నూనెలో వేగిన పదార్థాలు తింటే అవి జీర్ణం కాక ఆమంగా మారుతాయి. వేళ తప్పి తినడాన్ని విషమాశనం అనీ, ముందు తిన్నది అరగకుండానే మళ్ళీ తినడాన్ని అధ్యశనం అనీ శాస్త్రం పేర్కొంది. రాత్రి నర్సుల ఆహారంలో ఈ రెండు దోషాలూ కలిసి కనిపిస్తాయి. ఎనిమిది గంటలు ఏమీ తినకపోవడం విషమాశనం. ఆ తరువాత అరగంటకొక బిస్కెట్టు, గంటకొక టీ అధ్యశనం.

ఆధునిక పరిశోధన కూడా ఈ దిశగానే సాగుతోంది. దేహంలో పగలు రాత్రుల లయను నడిపే యంత్రాంగాన్ని కనుగొన్న ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. అమెరికాలో 1976లో ప్రారంభమైన నర్సుల ఆరోగ్య అధ్యయనంలోను, దాని కొనసాగింపులోను పాల్గొన్న లక్షా డెబ్బై వేలకు పైగా నర్సుల వివరాలను పరిశీలించి 2011లో ఒక నివేదిక ప్రచురించారు. మారుతూ వచ్చే రాత్రి డ్యూటీలు ఎన్ని సంవత్సరాలు ఎక్కువగా చేస్తే మధుమేహం అంత ఎక్కువగా కనిపించిందనీ, బరువు పెరగడం అందుకు ఒక ముఖ్య కారణమనీ అందులో తేలింది. 2021లో వెలువడిన మరో చిన్న ప్రయోగంలో 19 మందిని రాత్రి పని చేసేవారిలాగే మేల్కొల్పి ఉంచారు. రాత్రిపూట కూడా భోజనం చేసినవారి రక్తంలో చక్కెర పెరిగింది. పగలు మాత్రమే తిన్నవారిలో అలా పెరగలేదు. పందొమ్మిది మందితో చేసిన ప్రయోగం ఆఖరి మాట కాకపోవచ్చు గాని, రాత్రి లఘువుగా తినమన్న మన పెద్దల ఉపదేశానికి అది అనుకూలంగానే ఉంది.

మూడవ ఆటంకం: చోటు, చేతికందే పదార్థం

ఆహారాన్ని పరిశీలించడానికి చరకుడు ఎనిమిది అంశాలు చెప్పాడు. పదార్థ స్వభావం, వండే విధానం, పదార్థాల కలయిక, పరిమాణం, దేశం, కాలం, భోజన నియమాలు, తినే వ్యక్తి. ఇందులో భోజన నియమాలు ఎలాంటివంటే, వేడిగా తినాలి, మనసుకు నచ్చిన చోట కూర్చుని తినాలి, మరీ తొందరగా గాని మరీ నిదానంగా గాని తినకూడదు, తిండి మీద మనసు పెట్టి తినాలి. మన ఇళ్ళలో ఆహారం అనగానే మొదటి అంశాన్నే చర్చిస్తాం. జొన్నలు మంచివా, గోధుమలు మంచివా అని వాదిస్తాం. నర్సుకు అడ్డు వచ్చేవి చివరి నాలుగు.

చాలా చిన్న ఆస్పత్రులలో నర్సులు తినడానికి ప్రత్యేకమైన గది ఉండదు. మందుల బీరువా పక్కనో, దుస్తులు మార్చుకొనే సందులోనో నిలబడి తింటారు. ఫినాయిలు వాసన, గాయాల వాసన ముక్కును వదలవు. అన్నం వేడిచేసుకొనే సాధనం, భద్రపరిచే ఫ్రిజ్ ఉండవు. వండిన పదార్థాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మన వేసవిలో మధ్యాహ్నం వండిన కూరను రాత్రి పదకొండింటికి తెరిస్తే ఏమవుతుందో గృహిణులకు చెప్పనక్కరలేదు.

డబ్బా పాడైతే మిగిలేది గేటు బయటి బండి. అక్కడ దొరికేవి మిర్చి బజ్జీలు, సమోసాలు, ఉస్మానియా బిస్కెట్లు, టీ. కప్పు టీలో రెండు చెంచాల చక్కెర అంటే సుమారు పది గ్రాములు. రాత్రికి అయిదు కప్పులైతే యాభై గ్రాములు. చక్కెరలను రోజుకు ఇరవై అయిదు గ్రాముల లోపుకు తగ్గించుకోగలిగితే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. ఒక్క రాత్రి టీతోనే అందుకు రెట్టింపు లోపలికి వెళుతోంది.

దీనికి తోడు మన ఆప్యాయత ఒకటి. బిడ్డ పుట్టినా, రోగి కోలుకొని ఇంటికి వెళుతున్నా నర్సుల బల్ల మీద మిఠాయి డబ్బా పెడతాం. ప్రసూతి వార్డులో ఆ బల్ల మీద లడ్డూలు లేని రోజు ఉండదని ఒక నర్సు నాతో అన్నది. ఆకలి దహించే వేళ ఎదురుగా ఉన్నది లడ్డూ అయితే మనిషి ఏం తింటాడు?

నాలుగవ ఆటంకం: ఇల్లు

మూడు సంవత్సరాల క్రితం నాచారం వైపు నుంచి ముప్పై నాలుగేళ్ళ స్టాఫ్ నర్సు ఒకామె వచ్చింది. ప్రతిరోజూ గ్యాస్ మాత్ర వేసుకొంటున్నా మంట తగ్గలేదన్నది.

"నిన్న ఏ వేళకు ఏమి తిన్నావమ్మా?" అని అడిగాను.

ఆమె కాసేపు ఆలోచించింది. "గుర్తు లేదు డాక్టరుగారూ. పేషెంట్లు ఏం తిన్నారో చెప్పమంటే చెప్తాను" అన్నది.

ఆమె దినచర్యను నేనే కాగితం మీద రాశాను. రాత్రి ఎనిమిదింటి డ్యూటీకి సాయంత్రం ఆరున్నరకే ఇల్లు వదలాలి. ఆ లోపల పిల్లలకు, భర్తకు, అత్తగారికి వంట చేసి పెడుతుంది. తాను తినకుండా పరుగెత్తి ఉప్పల్ కూడలిలో బస్సు పట్టుకొంటుంది. ఉదయం తొమ్మిదింటికి ఇల్లు చేరగానే మళ్ళీ పొయ్యి దగ్గరకే. పదకొండు దాటాక ఆకలి, నిద్ర కలిసి ముంచుకొస్తాయి. చల్లారిన అన్నం కడుపు నిండా తిని పడుకొంటుంది. ఇక వారానికి రెండు ఉపవాసాలు. రాత్రంతా నిలబడి పని చేసిన దేహానికి పగటి ఉపవాసం!

నేను ఆమెకు మందు కొద్దిగానే ఇచ్చాను. భర్తను, అత్తగారిని పిలిపించి ఆ కాగితం చూపించాను. అత్తగారు దాన్ని రెండుసార్లు చదివించుకొని విన్నది. "నా కోడలు డ్యూటీలో తింటుందనుకొన్నాం, డ్యూటీవాళ్ళు ఇంట్లో తింటుందనుకొన్నారు" అన్నది. ఇంతకంటే బాగా ఈ విషయాన్ని నేను చెప్పలేను. సాయంత్రం వంట అత్తగారు అందుకొన్నది. ఉదయం పిల్లల పని భర్త చేపట్టాడు. రెండు నెలలలో మంట చాలావరకు తగ్గింది.

ఎంత కావాలి?

ఉప్పల్ నుంచి సికింద్రాబాదు వెళ్ళే దారిలో హబ్సిగూడ దాటాక తార్నాక వద్ద జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ అది. 2020లో అక్కడివారు ప్రకటించిన లెక్క ప్రకారం యాభై అయిదు కిలోల స్త్రీకి, కూర్చుని చేసే పని అయితే రోజుకు 1660 కిలోకేలరీలు, ఓ మోస్తరు శ్రమ అయితే 2130 కావాలి. మాంసకృత్తులు సుమారు 46 గ్రాములు, ఇనుము 29 మిల్లీగ్రాములు అవసరం. టీ, బిస్కెట్లు కేలరీలను పూరించవచ్చు గాని, మాంసకృత్తులను, ఇనుమును ఇవ్వలేవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. నర్సులు కూడా ఈ స్త్రీలలోని వారే.

రాత్రి డ్యూటీవారి ఆహార క్రమం

1. ఇల్లు వదిలే ముందు సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో ప్రధాన భోజనం చేయాలి. అన్నం లేదా జొన్నరొట్టె, తోటకూర పప్పు వంటి ఆకుకూర పప్పు, ఒక కూర, చివర పలుచని మజ్జిగ. రాత్రివేళ పెరుగు వద్దని శాస్త్రం.

2. పదకొండు, పన్నెండు గంటల మధ్య వేడిగా, ద్రవంగా ఉన్నది కొద్దిగా తీసుకోవాలి. గుప్పెడు బియ్యం, అర గుప్పెడు పెసరపప్పు దోరగా వేయించి, జీలకర్ర, మిరియాలు, అల్లం వేసి జారుగా వండి, చెంచా నెయ్యి కలిపి, పొగలు కక్కుతుండగానే వెడల్పు మూతి ఫ్లాస్కులో పోయాలి. రాగి జావ కూడా మంచిదే. అయిదు నిమిషాలలో తాగి లేవవచ్చు.

3. రెండు గంటల తరువాత ఘనాహారం వద్దు. గోరువెచ్చని జీలకర్ర నీళ్ళు చాలు. మరీ నీరసమైతే ఒక అరటిపండు, లేక గుప్పెడు వేయించిన శనగలు.

4. ఉదయం వచ్చాక ఏమీ తినకుండా, మేల్కొన్న కాలంలో సగం సేపు నిద్రపోవాలని వాగ్భటుడు చెప్పాడు. కడుపు మండుతూ ఉంటే రెండు ఇడ్లీలో, కాసింత జావో తీసుకొని పడుకోవచ్చు. కడుపు నిండా తిని పడుకోవడం మాత్రం కూడదు. లేచిన తరువాత స్నానం చేసి, వేడి భోజనం చేయాలి.

5. భోజనం చేసిన వెంటనే టీ తాగితే ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టదు. కనీసం గంట ఆగాలి. పప్పులో నిమ్మరసం పిండుకొన్నా, ఉసిరి పచ్చడి నంజుకొన్నా ఇనుము బాగా పడుతుంది. మునగాకు పొడి మొదటి ముద్దలో కలుపుకోవడం మంచి అలవాటు.

6. లీటరు సీసా మీద సగానికి ఒక గీత గీయండి. పగటి డ్యూటీలో మొదటి మూడు గంటలకు గీత దాకా, డ్యూటీ ముగిసేలోగా సీసా అంతా ఖాళీ కావాలి. వేసవిలో ధనియాలు నానవేసి వడకట్టిన నీళ్ళు దప్పిక తీరుస్తాయి.

7. సంచిలో ఎల్లప్పుడు పాడుకాని పదార్థం ఒకటి ఉండాలి. వేయించిన పల్లీలు, పుట్నాలు, నువ్వులు బెల్లం కలిపి దంచిన చిమ్మిలి ఉండలు ఇందుకు పనికివస్తాయి. మధుమేహం ఉన్నవారు చిమ్మిలి బదులు శనగలు ఉంచుకోవాలి.

మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఖాళీ కడుపుతో నిద్రపోవడం, ఉపవాసం ఉండడం తగదు. తమ వైద్యుని సలహాతోనే వేళలు మార్చుకోవాలి. మంట నెలల తరబడి వీడకపోయినా, బరువు అకారణంగా తగ్గినా, మలం నల్లగా పోయినా ఇంటి చిట్కాలతో కాలం గడపక పరీక్ష చేయించుకోవాలి.

ఎవరి వంతు ఎంత?

ఆస్పత్రి నడిపేవారు డ్యూటీ పట్టికలో మందుల వేళలతోపాటు భోజన వేళలను కూడా రాయాలి. ఈ ప్రాంతంలో నేనెరిగిన ఒక చిన్న నర్సింగ్ హోములో ఇన్‌చార్జి సిస్టర్ ఈ పద్ధతి పెట్టింది. ఒక నర్సు తినే ఇరవై నిమిషాలు ఆమె రోగులను మరొకరికి పేరు పేరునా అప్పగిస్తారు. దీనికి ఖర్చు లేదు. ఒక చిన్న బల్ల, రెండు కుర్చీలు, తాగునీరు, చేతులు కడుక్కొనే చోటు, వేడిచేసుకొనే సాధనం ఉంటే చాలును.

రోగి బంధువులు నర్సు తింటున్నట్లు కనబడితే, అత్యవసరం కాని పనికి పది నిమిషాలు ఆగాలి. కృతజ్ఞత చూపదలచుకొంటే మిఠాయిల బదులు జామకాయలో, కమలాలో, అరటిపళ్ళో ఇవ్వండి.

ఇక ఇంటివారు ఈ వారం డ్యూటీ పట్టికను వంటింటి గోడకు అంటించండి. ఆమె బయలుదేరడానికి అరగంట ముందు కంచం పెట్టండి. ఒక పెద్ద క్యారియర్ కంటే రెండు చిన్న డబ్బాలు మేలు. మొదటిది తినే వీలు చిక్కకపోయినా రెండవది అక్కరకు వస్తుంది. ఉదయం ఆమె తిరిగి వచ్చాక డబ్బా తెరిచి చూడండి. అలాగే మిగిలి ఉంటే, ఎందుకు తినలేదని గద్దించకుండా, తినే వీలు ఎందుకు చిక్కలేదని అడగండి. ఆ జవాబును బట్టి మరునాటి డబ్బా సర్దండి.